జిప్పుల మన్నిక పరీక్షలు, ప్రత్యామ్నాయ బిగింపులు: తరచుగా అడిగే ప్రశ్నలు

జిప్పు మన్నిక అంటే దాని బలమేనా?

కాదు. ఈ రెండింటినీ ఒకటే అనుకోవడం వల్ల చాలా తప్పుడు ఎంపికలు జరుగుతున్నాయి. బలం ఒక్క లాగుడులో తేలిపోతుంది. మూసిన జిప్పును రెండు పక్కలా పట్టి లాగితే ఎంత బలానికి విచ్చుకుందో చూస్తే చాలు. మన్నిక తేలాలంటే ఓపిక కావాలి. మామూలు వాడకంలో పడే ఒత్తిడి కింద, వేలసార్లు తెరిచి మూసిన తర్వాత కూడా అది మొదటి రోజులాగే మూసుకుంటుందా అన్నది ఇక్కడి ప్రశ్న. బలపరీక్షలో గొప్పగా నిలిచిన జిప్పు మన్నిక పరీక్షలో త్వరగా చేతులెత్తేయడం తరచూ కనిపిస్తుంది. పళ్లు గట్టివి కావచ్చు, వాటి మీద తిరిగే రన్నర్ మెత్తని లోహం కావచ్చు.

జిప్పులో అన్నిటికంటే ముందు పాడయ్యేది ఏది?

ఎక్కువమంది పళ్లు అంటారు. చాలా సందర్భాల్లో అది రన్నర్, అంటే మనం పట్టుకుని పైకీ కిందికీ లాగే భాగం. దాన్ని విడిగా తీసి భూతద్దం కింద పెట్టి చూడండి. పైన ఒక పలక, కింద ఒక పలక ఉంటాయి. ముందువైపు ఆ రెండింటినీ కలిపే చిన్న మేకులాంటి చీలిక ఉంటుంది. జిప్పు తెరిచేటప్పుడు పళ్లను విడదీసేది అదే. వెనకవైపు పలకల అంచులు లోపలికి వంగి సన్నని కాలువలా ఉంటాయి. మూసేటప్పుడు రెండు వరసల పళ్లను ఒకదానిలోకి ఒకటి నొక్కేది ఆ కాలువే.

ఆ కాలువ లోపలి అంచు అరిగినా, రెండు పలకల మధ్య సందు కొద్దిగా పెరిగినా, పళ్ల మీద నొక్కుడు తగ్గుతుంది. అప్పుడు రన్నర్ ముందుకు పోతూనే ఉంటుంది, వెనక జిప్పు విచ్చుకుంటూనే ఉంటుంది. చూసేవారికి పళ్లు పోయినట్టు అనిపిస్తుంది. అవి నిక్షేపంగా ఉంటాయి. వాడిన రన్నర్లలో మొదట పోయేది పై రంగు పూత, ఆ తర్వాత కింద ఉన్న జింకు మిశ్రమం మెరుస్తూ బయటపడుతుంది. ఆ మెరుపు వెనకమూల దగ్గర ఒకవైపే ఎక్కువగా కనిపిస్తే, జిప్పును ఎప్పుడూ ఒక పక్కకు లాగుతూ మూస్తున్నారని అర్థం. నిండుగా కుక్కిన సంచుల్లో ఇది స్పష్టంగా తెలుస్తుంది.

రెండో స్థానం జాకెట్లలాగా పూర్తిగా విడిపోయే జిప్పుల అడుగు భాగానిది. అక్కడ ఒకవైపు పిన్ను, రెండోవైపు అది దిగే పెట్టె ఉంటాయి. పిన్ను పక్కన టేపును (పళ్లను పట్టి ఉంచే బట్ట పట్టీని) గట్టిపరిచే పారదర్శక పొర ఊడిపోయిందంటే టేపు పీచులుగా విడిపోతుంది, పిన్ను నిలబడదు. ఆ తర్వాతే పుల్లర్ (రన్నర్‌ను లాగడానికి వేలాడే పట్టు) విరగడం, పై ఆపు ఊడటం, టేపు కుట్టు తెగడం లాంటివి. పళ్లు అరిగిపోయి జిప్పు పోవడం వీటన్నిటి తర్వాతి మాట.

ప్రయోగశాలలో ఏయే పరీక్షలు చేస్తారు?

బలం పరీక్షలకు ఎక్కువగా వాడేది అమెరికన్ ప్రమాణం ఏఎస్‌టీఎం డి2061. అందులో మొదటిది అడ్డ బలం. మూసిన జిప్పు టేపులను 25 మి.మీ. వెడల్పున్న దవడలతో రెండు పక్కలా పట్టి, యంత్రం స్థిరమైన వేగంతో లాగుతుంది. విరిగేటప్పుడు చివరి అంకెను రాసుకుని ఊరుకోకూడదు, ఎలా విరిగిందో రాయాలి. కాయిల్ జిప్పులో (స్ప్రింగులా చుట్టిన తీగే పళ్లుగా ఉండే రకం) టేపుకు కాయిల్‌ను పట్టి ఉంచిన కుట్టు తెగిందా, కాయిల్ పళ్లు ఒకదాని నుంచి ఒకటి జారాయా, టేపే చిరిగిందా? లోహపు జిప్పులో పన్ను టేపు అంచు తాడు మీదినుంచి ఊడి వచ్చిందా? రెండు జిప్పులకు ఒకే అంకె వచ్చినా విరిగిన తీరు వేరైతే వాటిని ఒకటిగా చూడకూడదు. కుట్టు తెగిన జిప్పును కుట్టు మార్చి బాగుచేయవచ్చు. పళ్ల అచ్చే తేడాగా ఉంటే మళ్లీ మొదటి నుంచి రావాలి.

అదే ప్రమాణంలో ఒక్కో పన్నును పట్టి ఊడలాగడం, పన్ను టేపు వెంట జారుతుందేమో చూడటం, పై కింది ఆపుల పట్టు, పిన్ను–పెట్టెల పట్టు, పుల్లర్ ఊడే బలం, పుల్లర్‌ను మెలితిప్పడం, రన్నర్ నోరు విచ్చుకోవడానికి పట్టే బలం, తాళమున్న రన్నర్ జారకుండా ఆగే బలం లాంటివన్నీ ఉన్నాయి. రన్నర్ నోటి పరీక్ష మన్నికకు బాగా దగ్గరి బంధువు. పైన చెప్పిన అరుగుదల ఎంత త్వరగా సమస్య అవుతుందో కొంతవరకు ఇదే ముందుగా చెప్పేస్తుంది.

రన్నర్ ఎంత సాఫీగా కదులుతుందో చూడటానికి ఏఎస్‌టీఎం డి2062 ఉంది. అసలైన మన్నిక పరీక్షలో యంత్రం జిప్పును పక్కలకు లాగి పట్టి ఉంచుతూ రన్నర్‌ను ముందుకూ వెనక్కూ తిప్పుతుంది. బ్రిటిష్ బీఎస్ 3084, యూరోపియన్ ఈఎన్ 16732, జపాన్ జేఐఎస్ ఎస్ 3015 ప్రమాణాలు జిప్పులను వాడకాన్ని బట్టి తరగతులుగా విభజించి, ఒక్కో తరగతికి వేర్వేరు హద్దులు పెడతాయి. సన్నని దుస్తుల జిప్పుకూ బరువైన సంచి జిప్పుకూ ఒకే హద్దు పెట్టడం అన్యాయం కనుక ఈ విభజన సరైనదే.

పరీక్షకు ముందు నమూనాలను నియంత్రిత గాలిలో ఉంచాలి. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 139 ప్రకారం అది 20 డిగ్రీల సెల్సియస్, 65 శాతం తేమ. నైలాన్ తేమను పీల్చుకుని మెత్తబడుతుంది కనుక ఈ నియమాన్ని పట్టించుకోకపోతే ఈ రోజు వచ్చిన ఫలితానికీ వచ్చే వారం ఫలితానికీ పొంతన ఉండదు.

‘పదివేల సార్లు పరీక్షించాం’ అని రాసి ఉంటే నమ్మవచ్చా?

ఎంత ఒత్తిడి కింద అన్నది కూడా రాసి ఉంటేనే. ఆ మాట లేని అంకెకు నేను విలువ ఇవ్వను. బల్ల మీద తిన్నగా పరిచి, పక్కల నుంచి ఏ లాగుడూ లేకుండా తిప్పితే నాసిరకం జిప్పు కూడా పదివేల సార్లు తిరుగుతుంది. అదే జిప్పుకు రెండు పక్కలా బరువులు కట్టి, రన్నర్‌ను కాస్త వంకరగా లాగితే కొన్ని వందల సార్లకే విచ్చుకోవచ్చు. అడ్డ లాగుడు, పొడవు లాగుడు, లాగే కోణం, వేగం, మధ్యలో దుమ్ము చల్లారా లేదా, ఈ వివరాలతోనే అంకెకు అర్థం వస్తుంది.

ఇంకో ప్రశ్న కూడా అడగాలి: దేన్ని ‘పోవడం’గా లెక్కించారు? జిప్పు పూర్తిగా విచ్చుకున్నప్పుడే పోయినట్టు లెక్కిస్తే అంకె పెద్దదిగా వస్తుంది. రన్నర్ కదలడానికి పట్టే బలం మొదటి దానికి రెట్టింపైన రోజునే పోయినట్టు లెక్కిస్తే చిన్నదిగా వస్తుంది. నాకు రెండో పద్ధతి నచ్చుతుంది. బిగుసుకుపోతున్న రన్నర్‌ను మనుషులు గట్టిగా లాగుతారు, ఆ లాగుడుకే అసలు విరగడం మొదలవుతుంది. అందుకే పరీక్ష మధ్యలో ఆగి ఆగి ఆ బలాన్ని కొలుస్తూ పోవాలి.

ఎన్ని నమూనాలు పరీక్షించాలి?

ఒకటి రెండుతో తేల్చకూడదు. ఐదింట్లో నాలుగు బాగా నిలిచి ఒకటి చాలా ముందుగా పోయిందనుకోండి. సగటు అందంగానే కనిపిస్తుంది, వాడేవారికి తగిలేది మాత్రం ఆ ఐదోదే. సగటుతోపాటు కనిష్ఠం, విస్తరణ (ఫలితాల మధ్య ఎంత తేడా ఉందో) రెండూ చెప్పాలి. అలసట వల్ల విరిగే వస్తువుల ఆయుష్షును లెక్కగట్టడానికి వేబుల్ పంపిణీ అనే గణాంక పద్ధతి వాడతారు. నమూనాలు తగినన్ని ఉంటే జిప్పులకూ అది పనికొస్తుంది. వేర్వేరు తయారీ విడతల నుంచి నమూనాలు తీసుకోవడం కూడా అంతే ముఖ్యం.

నంబర్ 3, 5, 8, 10 అంటే ఏమిటి?

మూసిన పళ్ల వరస వెడల్పు ఇంచుమించు అన్ని మిల్లీమీటర్లు. తయారీదారును బట్టీ రకాన్ని బట్టీ కొంత తేడా ఉంటుంది. అందుకే ఒక సంస్థ నంబర్ 5 రన్నర్ ఇంకో సంస్థ నంబర్ 5 పళ్ల మీద సరిగ్గా కూర్చోకపోవచ్చు. రన్నర్ మార్చేటప్పుడు దాని వెనక పలక మీద ఉన్న గుర్తును చూడండి.

లోహపు జిప్పు, కాయిల్ జిప్పు, అచ్చు ప్లాస్టిక్ జిప్పు: ఏది ఎక్కువ మన్నుతుంది?

పని తెలియకుండా జవాబు చెప్పలేం, కానీ గుణాలు చెప్పవచ్చు.

కాయిల్ జిప్పులో పాలియెస్టర్ లేదా నైలాన్ తీగను స్ప్రింగులా చుట్టి టేపుకు కుడతారు. వంపుల్లో సులువుగా తిరుగుతుంది కనుక సంచులకూ గుడారాలకూ అదే తగినది. దీనికి ఒక గొప్ప గుణం ఉంది. మధ్యలో విచ్చుకున్నా పళ్లు విరగవు. రన్నర్‌ను మొదటికి తెచ్చి మళ్లీ మూస్తే సర్దుకుంటుంది. లోహపు జిప్పులోగానీ అచ్చు ప్లాస్టిక్ జిప్పులోగానీ ఒక పన్ను ఊడితే ఆ చోటు ఎప్పటికీ బలహీనమే.

లోహంలో ఇత్తడి మంచి పేరు తెచ్చుకున్నది, అల్యూమినియం తేలికైనది కానీ మెత్తనిది. పాలిఎసిటాల్ అనే గట్టి ప్లాస్టిక్‌తో అచ్చు పోసిన పళ్లు పెద్దవి, తుప్పు పట్టవు. మంచు, ఇసుక తగిలే జాకెట్లకు బాగుంటాయి. మొత్తం మీద రోజూ పదిసార్లు తెరిచే సంచికి నన్ను అడిగితే పెద్ద నంబర్ కాయిల్ జిప్పు, గట్టి రన్నర్ అంటాను.

వందేళ్లకు పైగా జిప్పు ఆకారం ఎందుకు పెద్దగా మారలేదు?

మొదటి ప్రయత్నాలు మన్నిక పరీక్షలోనే ఓడిపోయాయి కనుక, గెలిచిన డిజైన్ నిలిచిపోయింది. విట్‌కాంబ్ జడ్సన్ 1893లో పేటెంట్ పొందిన బిగింపు కొక్కేలూ రంధ్రాలతో పనిచేసేది, వాడకంలో తనంతట తాను ఊడిపోయేది. గిడియన్ సుండ్‌బాక్ కొక్కేలను వదిలేసి, ఒకవైపు బొడిపె, వెనకవైపు గుంట ఉన్న ఒకే ఆకారపు పళ్లను తయారుచేశాడు. అంగుళానికి నాలుగు ఉన్న బిగింపులను పది, పదకొండుకు పెంచాడు. 1913లో రూపొందిన ఆ డిజైన్‌కు 1917లో పేటెంట్ వచ్చింది. పళ్లు ఎక్కువైతే ఒక్కో పన్ను మీద పడే భారం తగ్గుతుంది, ఒకటి పక్కకు తిరగకుండా పక్కవి పట్టి ఉంచుతాయి. నేటి జిప్పు నిలిచింది ఈ సూత్రం మీదే.

ఇప్పుడు వస్తున్న మార్పులు పళ్ల చుట్టూ ఉన్నవాటిలోనే కనిపిస్తున్నాయి. జిప్పులు తయారుచేసే వైకేకే సంస్థ తెచ్చిన ఎయిరీస్ట్రింగ్‌లో పక్కన నేసిన టేపే ఉండదు, పళ్లను నేరుగా బట్టకు కుడతారు. తేలిక, వంపు రెండూ పెరుగుతాయి. అయితే భారమంతా బట్టకూ కుట్టుకూ చేరుతుంది కనుక దాన్ని విడి జిప్పుగా పరీక్షిస్తే సరిపోదు, కుట్టిన బట్టతో సహా పరీక్షించాలి. అండర్ ఆర్మర్ సంస్థ 2014లో తెచ్చిన మాగ్‌జిప్‌లో అడుగున పిన్నును పెట్టెలోకి అయస్కాంతం చేరుస్తుంది, ఒక్క చేత్తో మొదలుపెట్టవచ్చు. పిన్ను–పెట్టె దగ్గర జరిగే నష్టంలో చాలావరకు తప్పుగా దూర్చడం వల్ల వచ్చేదే కనుక, ఇది సౌకర్యంతోపాటు మన్నికకూ మేలు చేసే ఆలోచన.

ఇసుక, దుమ్ము, ఉప్పునీరు ఎంత హాని చేస్తాయి?

చాలా. రన్నర్ కాలువలో చేరిన ఇసుక రేణువు ప్రతి కదలికలోనూ లోహాన్ని గీస్తుంది. అపోలో యాత్రల్లో చంద్రుడి మీది పదునైన ధూళి వ్యోమగాముల సూట్ల జిప్పులను, వెల్క్రో పట్టీలను, చేతొడుగుల రింగులను ఇబ్బంది పెట్టింది. అంత జాగ్రత్తగా తయారుచేసిన బిగింపులకే అలా జరిగింది. అందుకే శుభ్రమైన గదిలో చేసిన పరీక్ష ఫలితాన్ని ఆరుబయట వాడే వస్తువుకు అన్వయించకూడదు. కొలిచిన పరిమాణంలో ఇసుక చల్లి మళ్లీ తిప్పి చూడాలి.

ఉప్పుకు వేరే పరీక్ష ఉంది. ఐఎస్ఓ 9227 ప్రకారం 35 డిగ్రీల దగ్గర 5 శాతం ఉప్పునీటిని పొగమంచులా చల్లుతారు. జింకు రన్నర్ మీద తెల్లని పొడి తేలితే కదలిక బిగుసుకుంటుంది. ఇత్తడి పళ్లు, జింకు రన్నర్ కలిసిన చోట రెండు లోహాల తేడా వల్ల తుప్పు ఇంకా వేగంగా వస్తుంది. సముద్రం దగ్గర వాడే వస్తువులను మంచినీటితో కడగడం కంటే మంచి సంరక్షణ లేదు.

ఉతకడం, ఇస్త్రీ జిప్పును పాడుచేస్తాయా?

ఉతికేటప్పుడు జిప్పు మూసి ఉంచండి. తెరిచి ఉంటే పళ్లు, రన్నర్ డ్రమ్ముకు కొట్టుకుంటాయి. ఇస్త్రీ విషయంలో అంకెలు తెలిస్తే మంచిది. దుస్తుల గుర్తుల్లో మూడు చుక్కలంటే ఇంచుమించు 200 డిగ్రీలు, రెండు చుక్కలంటే 150, ఒకటంటే 110. పాలిఎసిటాల్ పళ్లు 165–175 డిగ్రీల దగ్గర కరుగుతాయి. మూడు చుక్కల వేడి నేరుగా తగిలితే ఆ పళ్లకు మిగిలేదేమీ లేదు.

నీరు చొరని జిప్పులు నిజంగా నీటిని ఆపుతాయా?

కాయిల్‌ను వెనక్కి తిప్పి పైన పాలియూరిథేన్ పొర అంటించినవి వాన జల్లును ఆపుతాయి, ఒత్తిడితో వచ్చే నీటిని ఆపలేవు. ఈతగాళ్ల డ్రై సూట్లలో వాడేవి వేరే జాతి. వాటిలో మూసినప్పుడు రెండు అంచులు ఒకదాన్నొకటి నొక్కుకుని ముద్రలా మూస్తాయి. వీటికి మన్నిక పరీక్ష అంటే తిప్పడం, ఆ తర్వాత మళ్లీ నీటి ఒత్తిడి పెట్టి చూడటం. మడత పడ్డచోట పొర పగిలిందంటే అది ఇంకా నిగనిగలాడుతున్నా పనికిరాదు.

వెల్క్రోను ఎలా పరీక్షిస్తారు? జిప్పుతో పోల్చవచ్చా?

నేరుగా పోల్చలేం. స్విట్జర్లాండ్ ఇంజనీరు జార్జ్ డి మెస్ట్రాల్ బట్టలకు అంటుకున్న ముళ్లకాయలను చూసి తయారుచేసిన ఈ బిగింపులో కొక్కేలూ ఉంగరాలూ వందల సంఖ్యలో పని పంచుకుంటాయి. దాన్ని రెండు దిశల్లో కొలవాలి. ఒక మూల నుంచి ఒలిచినప్పుడు పట్టే బలం ఒకటి, దానికి ఏఎస్‌టీఎం డి5170. సమాంతరంగా జారలాగినప్పుడు పట్టే బలం ఇంకొకటి, దానికి ఏఎస్‌టీఎం డి5169. జారుడు బలం ఎంతో ఎక్కువ, ఒలుపుడు బలం తక్కువ. అందుకే చెప్పుల పట్టీ ఎంత లాగినా ఊడదు, కొన పట్టి ఎత్తితే ఊడుతుంది.

దీని మన్నికను తినేసేవి ప్రధానంగా రెండు. ఒలిచిన ప్రతిసారీ కొన్ని ఉంగరాలు తెగుతాయి, అది కొద్దికొద్దిగా జరుగుతుంది. రెండోది కొక్కేల మధ్య చేరే పీచు, వెంట్రుకలు. ఇది వాడకంలో ఎక్కువ నష్టం చేస్తుంది, చాలా పరీక్షల్లో మాత్రం కనిపించదు. నైలాన్ రకం తడిస్తే పట్టు తగ్గుతుంది. ఎండకూ తేమకూ గురయ్యేచోట పాలియెస్టర్ రకం నయం. అయినా వెల్క్రోకు ఒక మేలు ఉంది. జిప్పు ఒక్కసారిగా పోతుంది, వెల్క్రో ముందుగా హెచ్చరిస్తూ నెమ్మదిగా బలహీనపడుతుంది.

టిచ్ బటన్ల సంగతి?

హెరిబర్ట్ బావర్ 1885లో పేటెంట్ పొందిన ఈ బిగింపులో పురుషభాగం మీది బొడిపెను స్త్రీభాగంలోని స్ప్రింగు పట్టుకుంటుంది. ఊడే బలం ఒక పరిధిలో ఉండాలి, ఎక్కువైతే బట్ట చిరుగుతుంది, తక్కువైతే తనే ఊడుతుంది. దీనికి ఏఎస్‌టీఎం డి4846 ఉంది. వేల సార్లు నొక్కి తీసిన తర్వాత ఆ బలం ఎంత పడిపోయిందో చూడాలి.

పసిపిల్లల దుస్తుల్లో ఇది భద్రత ప్రశ్న. ఊడిన బటన్ నోట్లోకి పోతుంది. బొమ్మల ప్రమాణం ఈఎన్ 71-1లో 6 మి.మీ.కు మించిన భాగాలను 90 న్యూటన్ల బలంతో 10 సెకన్లు లాగి చూస్తారు. పిల్లల దుస్తుల బటన్లకూ ఇలాంటి లాగుడు పరీక్ష తప్పకుండా చేయించండి. కొత్తవాటికే కాకుండా, పదేపదే ఉతికిన వాటికి కూడా. బట్ట పలచబడిన తర్వాతే బటన్ ఊడుతుంది.

అయస్కాంత బిగింపులు నమ్మదగినవేనా?

మంచి డిజైన్లలో అయస్కాంతం దారి చూపడానికే. భారాన్ని మోసేది దానితో కలిసి ఉన్న యాంత్రిక కొక్కెం. జర్మనీకి చెందిన ఫిడ్‌లాక్ బకిళ్లు ఇలాంటివే. భారమంతా అయస్కాంతమే మోసే బటన్లు తేలికపాటి పర్సులకు చాలు, అంతకు మించి వద్దు. సాధారణ నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే శక్తి కోల్పోవడం మొదలుపెడతాయి, పైపూత చెదిరితే తుప్పు పడతాయి. పేస్‌మేకర్ ఉన్నవారి ఛాతీ దగ్గర ఇవి ఉండకూడదు. చిన్నపిల్లలు ఒకటికంటే ఎక్కువ మింగితే పేగులకు ప్రాణాపాయం. కనుక పిల్లల వస్తువుల్లో వీటిని వాడకపోవడమే నా సలహా.

నికెల్ అలెర్జీకీ మన్నికకూ సంబంధం ఉందా?

ఉంది. పైపూత బాగున్నంతకాలం కింద ఉన్న నికెల్ చర్మానికి తగలదు. అందుకే ఈఎన్ 12472 ప్రకారం ముందు కృత్రిమంగా అరగదీసి, తర్వాత ఈఎన్ 1811 ప్రకారం ఎంత నికెల్ విడుదలవుతుందో కొలుస్తారు. చర్మానికి తగిలే వస్తువులకు యూరోపియన్ యూనియన్ హద్దు వారానికి చదరపు సెంటీమీటరుకు 0.5 మైక్రోగ్రాములు.

యంత్రాలు లేకుండా ఇంట్లో ఏదైనా పరీక్షించగలమా?

చాలానే. జిప్పును సగం మూసి, మూసిన భాగాన్ని రెండు పక్కలా లాగుతూ మధ్యలో మెలితిప్పండి. సందు కనబడకూడదు. మూసిన జిప్పును వేలి చుట్టూ బిగుతుగా వంచి వంపు బయటివైపు పళ్లు తెరుచుకుంటాయేమో చూడండి. పుల్లర్‌ను పట్టుకోకుండా బట్టను లాగండి, తాళమున్న రన్నర్ అయితే కదలకూడదు. రన్నర్‌ను పక్కలకు కదిపితే కొంచెం ఆట ఉండవచ్చు, లొడలొడలాడితే మంచిది కాదు.

పోల్చాలనుకుంటే రెండు జిప్పులను ఒకే బట్టకు కుట్టి, రెండింటికీ అడుగున ఒకే బరువు వేలాడదీసి, ఒకే మనిషి ఒకే తీరుగా తిప్పాలి. కొద్దిసేపటికోసారి వెర్నియర్ కాలిపర్‌తో రన్నర్ వెనక నోటి ఎత్తు కొలవండి. జిప్పు పోవడానికి చాలా ముందే ఆ కొలత పెరగడం మొదలవుతుంది. ఈ పరీక్షలో నాకు అన్నిటికంటే నచ్చేది అదే.

విచ్చుకుంటున్న జిప్పును బాగుచేయవచ్చా?

చాలాసార్లు చేయవచ్చు, పారేయకండి. రన్నర్ వెనకవైపు రెండు మూలలను కటింగ్ ప్లయర్‌తో కొద్దికొద్దిగా, రెండు పక్కలా సమానంగా నొక్కండి. ఒక్కసారే గట్టిగా నొక్కితే జింకు మిశ్రమం పెళుసు కనుక పగులుతుంది. ఇది తాత్కాలికమే, లోపల అరిగిన లోహం తిరిగి రాదు. శాశ్వత పరిష్కారం కొత్త రన్నర్ ఎక్కించడం. బిగుసుకున్న జిప్పుకు ముందు బ్రష్షుతో దుమ్ము దులిపి, ఆ తర్వాతే మైనం లేదా పెన్సిల్ గ్రాఫైట్ రాయండి. వంటనూనె వద్దు, దుమ్మును పట్టి ఉంచుతుంది.

పాడైన జిప్పును పరీక్షకు పంపాలంటే ఏమేం పంపాలి?

కొత్త నమూనాల కంటే నిజ జీవితంలో పాడైన జిప్పు ఎక్కువ నేర్పుతుంది. దాన్ని బట్టనుంచి విప్పవద్దు, చుట్టూ కొంత బట్టతో కత్తిరించండి. రన్నర్‌ను ఆగిపోయిన చోటే ఉంచండి, కడగవద్దు, నూనె రాయవద్దు. ఎంతకాలం వాడారు, ఎంత బరువు వేసేవారు, ఎక్కడ మొదట విచ్చుకుంది, ముందుగా బిగుసుకుపోయిందా అన్నవి రాసి జతచేయండి. అదే విడతలో కొన్న వాడని జిప్పు దొరికితే దాన్నీ పంపండి, రెండు రన్నర్ల నోళ్లను పక్కపక్కన పెట్టి కొలవవచ్చు.